ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా?

చార్మినారునుండి పత్తర్‌గట్టి మీదుగా నడచివచ్చి, నయాపూలు వంతెనపై మూసీనది దాటినంతనే, ఉత్తరపుటొడ్డున పెద్ద గుమ్మటములతో కానవచ్చు ఉస్మానియా ఆసుపత్రిని ఎరుగనివారు హైదరాబాదులో నుండరు. ఆ గుమ్మటముల భవనము ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలపు కట్టడము. అంతకు పూర్వ మా ప్రాంతమున, ఐదవ నిజామైన అఫ్జలుద్దౌలా పాలనలో, మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న దినములలో వెలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి యుండెడిది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తినపు డా పాత ఆసుపత్రి వరదపాలయ్యెను. భవనము పోయినను, అచ్చట శస్త్రచికిత్సలు చేసిన వైద్యులును, వారివద్ద విద్య నేర్చిన విద్యార్థులును చేపట్టిన ప్రశ్న యొకటి మాత్రము నేటికిని నిలిచియున్నది. క్లోరోఫారమను మత్తుమందు మోతాదు మించి మనిషి ప్రాణము పోవునపుడు ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా అనునదే ఆ ప్రశ్న.

చూచుట కిది శస్త్రచికిత్సాశాలకు మాత్రమే చెందిన చిన్న సందేహమువలె తోచును. కాని ఊపిరి ఆగుట యనగా ఊపిరితిత్తులు చెడుట మాత్రమే కాదు. ఊపిరి పీల్చుమని ఆజ్ఞాపించు మెదడులోని నాడీకణములు మౌనము వహించుట, లేదా ఆ యాజ్ఞను కండరములకు చేరవేయు వెన్నుపాము తన పని మానుట. కనుక ఈ ప్రశ్నను పట్టుకొని నడచిన శాస్త్రము క్రమక్రమముగా మెదడును, వెన్నుపామును, ఆ రెంటియందును కోట్లకొలది నాడీకణములు కలిసి నడపు లయను చేరవలసివచ్చెను. నేడు నాడీశాస్త్రజ్ఞులు నాడీజాలముల గతిశాస్త్రమని దేనిని వ్యవహరించుచున్నారో, దానికి మన నగరమునందలి తొలి ద్వారము ఈ క్లోరోఫారము వివాదమే.

వివాదము పుట్టిన విధమును ముందు చెప్పవలెను. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మార్టన్ అను దంతవైద్యుడు రోగికి ఈథరు ఆవిరి పట్టించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స జరుగునట్లు చేసి చూపెను. మరుసటి యేడు నవంబరులో ఎడిన్‌బరో నగరవాసి యగు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. అది ఈథరుకంటె మధురమైన వాసన గలది, త్వరగా పనిచేయునది, అంటుకొని మండనిది. కనుక అచిరకాలములోనే ఐరోపా అంతటను వ్యాపించెను. కాని మూడు నెలలైనను గడువకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండు ఉత్తరభాగమున హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొద్ది నిమిషములలోనే మరణించెను. ఇంత చిన్న చికిత్సకు అంత పెద్ద మూల్యమా యని లోకము నివ్వెరపోయెను.

వైద్యులు రెండు పక్షములుగా చీలిరి. లండను నగరమున జాన్ స్నో, గాఢమైన క్లోరోఫారము ఆవిరి గుండెను హఠాత్తుగా స్తంభింపజేయునని వాదించెను. ఆ వాదమును నమ్మినవారు మత్తిచ్చునంతసేపును రోగి మణికట్టుపై వ్రేలు మోపి నాడి చూచుచుండిరి. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ సంప్రదాయము వేరు. ఊపిరిని గమనింపుడు, ఊపిరి సరిగా నున్నంతవరకు భయము లేదని అతడు శిష్యులకు బోధించెను. నాడి చూచుచు కూర్చున్నవాడు ఊపిరి ఆగినది గమనింపక రోగిని పోగొట్టుకొనునని ఒక పక్షమును, ఊపిరి చూచుచు కూర్చున్నవాడు గుండె ఆగినది తెలియక పోగొట్టుకొనునని మరియొక పక్షమును వాదులాడుచుండగా నలువది సంవత్సరములు గడచిపోయెను.

సైమ్ శిష్యులలో ఎడ్వర్డ్ లారీ అనునాతడు 1885 ప్రాంతమున హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్యపాఠశాలకు ప్రధానాచార్యుడుగాను వచ్చెను. 1846లో ఉర్దూ మాధ్యమమున ఆరంభమైన ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలము. లారీ అచ్చట బోధనను ఆంగ్లమునకు మార్చెను. స్త్రీలకును ప్రవేశము కల్పించెను. అట్లు చేరిన విద్యార్థినులలో హైదరాబాదు పారసీ కుటుంబమునకు చెందిన రూపాబాయి ఫర్దూంజీ ఒకతె. ఆమె క్లోరోఫారము ఇచ్చుటలో నైపుణ్యము సంపాదించి, నగరపు ఆసుపత్రులలో చిరకాలము సేవచేసినది. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెయేయని వైద్యచరిత్రకారులు పలువురు పేర్కొందురు. లారీ ఆసుపత్రిలో గురువు మాట ఒక్కటే: రోగి ఊపిరిపై కన్ను వేయుడు, నాడి జోలికి పోవలదు.

తన అనుభవమును లోకము నమ్మవలెనన్న ప్రయోగము కావలెనని లారీ గ్రహించెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ప్రభుత్వము అనుమతి నీయగా, 1888లో పాట్రిక్ హెహిర్ అధ్యక్షతన మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడెను. కుక్కలపై జరిపిన ప్రయోగములన్నిటను ఊపిరి ముందాగినదనియు, గుండె తరువాత ఆగినదనియు వారు నివేదించిరి. లండనులోని లాన్సెట్ పత్రిక ఈ నివేదికను అంత సులభముగా నంగీకరింపలేదు. అప్పుడు నిజాము ప్రభుత్వము చేసిన పని విజ్ఞానచరిత్రలో అరుదైనది. సందేహించినవారినే పిలిపించి, ప్రయోగము వారి కన్నుల యెదుట జరిపింపదలచి, లాన్సెట్ ఎన్నుకొన్న నిపుణుని రాకపోకల నిమిత్తము వేయి పౌనుల ధనమును మంజూరు చేసినది. లండనునుండి వచ్చిన ఆ నిపుణుడు లాడర్ బ్రంటన్. గుండెకే అపాయమని నమ్మి వచ్చిన ఘనవైద్యుడాయన. లారీ అధ్యక్షుడుగా, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులుగా రెండవ కమిషను 1889 అక్టోబరునుండి డిసెంబరు వరకు పనిచేసెను.

ఆ పనిని దగ్గరగా చూడవలసియున్నది. పరికరము పేరు కైమోగ్రాఫు. నున్నని కాగితమును గుండ్రని డోలు చుట్టును అతికించి, దీపపు పొగపై త్రిప్పి, దట్టముగా మసి పట్టింతురు. మత్తులోనున్న జంతువు మెడలోని రక్తనాళమునకు గొట్టము తగిలించి, దానిని రక్తపు ఒత్తిడి కొలుచు మానోమీటరుతో కలుపుదురు. ఒత్తిడి పెరిగినను తగ్గినను కదలు సన్నని ములుకు మసిపై గీచుకొని పోవును. డోలు తిరుగుకొలది నల్లని నేలపై తెల్లని గీత సాగుచుండును. గుండె కొట్టుకొనిన ప్రతిసారి గీతలో ఒక చిన్న పల్లు. ఊపిరి తీసిన ప్రతిసారి ఆ పల్ల వరుసలో ఒక పెద్ద అల. క్లోరోఫారము మించుకొలది అలలు చిన్నవై, దూరదూరమై, తుదకు చదునగును. అటుపిమ్మటను గుండె పల్లు కొంతసేపు కానవచ్చుచునే యుండును. చెరిగిపోకుండ ఆ గీతల కన్నిటికిని ఛాయాచిత్రములు తీయించిరి. కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱములు, పిల్లులు, కుందేళ్లు, అన్నియు కలిపి నాలుగువందలకు పైగా ప్రయోగములు జరిగెను. విషముచేత ముందే గుండె బలహీనమైన జంతువులను గూడ పరీక్షించిరి. బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును మార్చుకొనెను. అపాయము ఊపిరి యాగుటవలనను, మోతాదు మించుటవలనను మాత్రమే. గుండెపై క్లోరోఫారమున కంతటి నేరుదెబ్బ లేదని కమిషను తీర్పు చెప్పెను. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రకటించెను.

ఆ నోరులేని ప్రాణులను తలపక ఈ కథ చెప్పుట న్యాయము కాదు. నేడైనచో అటువంటి ప్రయోగమునకు నైతికసంఘముల అనుమతి కావలెను, సంఖ్య తగ్గింపవలెను, వేరు మార్గమున్న దానినే అనుసరింపవలెను. శస్త్రచికిత్స బల్లపై నిర్భయముగా పరుండుచున్న మన మందరము ఆ ప్రాణులకు ఋణపడియున్నాము.

కమిషను తీర్పు తుదితీర్పు కాలేదు. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ అనువారు ఒక నేర్పైన ఉపాయము పన్నిరి. రెండు జంతువుల రక్తనాళములను కలిపి, ఒకదాని మెదడునకు రెండవదాని రక్తము పారునట్లు చేసి, క్లోరోఫారమును మెదడునకు మాత్రమే గాని, మెదడు తప్ప తక్కిన దేహమునకు మాత్రమే గాని పంపి చూచిరి. క్లోరోఫారము గుండెను నేరుగానే బలహీనపరచునని వారి నిర్ణయము. 1911లో గుడ్మన్ లెవీ మరియొక రహస్యము బయటపెట్టెను. క్లోరోఫారము మత్తు ఎక్కువైనపుడు గాక, తేలికగా నున్నపుడే, భయోద్రేకములవలన రక్తమున ఎడ్రినలిన్ పెరిగినచో, గుండె జఠరికలు క్రమము తప్పి అదరి ఆగిపోవును. హన్నా గ్రీనర్ వంటివారి హఠాన్మరణములకు కారణ మిదియే కావచ్చునని పిమ్మటివారు తలచిరి. లోతైన మత్తులో ఊపిరి ముందాగునన్న హైదరాబాదు పరిశీలన నిజము. గుండెకు భయము లేదన్న హైదరాబాదు భరోసా పొరపాటు. ఈ రెండును ఒక్కచోట చెప్పినప్పుడే చరిత్రకు న్యాయము జరుగును.

ఇక ఊపిరి యేల ఆగునను ప్రశ్నకు వత్తము. దీని మూలము లారీకి చాల పూర్వమే కనుగొనబడినది. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెగల్లోయి, మెదడును పైనుండి పొరలుపొరలుగా తొలగించుచు వచ్చినను ఊపిరి ఆగదనియు, మెదడునకును వెన్నుపామునకును నడుమ నుండు మజ్జాముఖమున ఒకానొక చిన్న తావును తాకినపుడు మాత్రమే ఆగుననియు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభముననే చూపెను. అతని తరువాత ఫ్లురెన్స్ 1847లో ఈథరు, క్లోరోఫారములను పరిశీలించి, మత్తు నాడీమండలమును ఒక్కసారిగా గాక వరుసక్రమమున ఆక్రమించునని చెప్పెను. ముందు బుద్ధికి నిలయమైన మస్తిష్కము, పిదప దేహపు తూకమును చూచు అనుమస్తిష్కము, అటుపిమ్మట స్పర్శకును కదలికకును మూలమైన వెన్నుపాము, చిట్టచివర ఊపిరికి స్థానమైన మజ్జాముఖము. శస్త్రచికిత్సకు మత్తిచ్చుట యనగా ఈ వరుసలో మూడవ మెట్టువరకు దిగి, నాల్గవ మెట్టున కాలు మోపకుండ నిలుచుటయే. అఫ్జల్‌గంజ్ విద్యార్థులు రోగి ఊపిరిపై కన్ను వేసినపుడు, నిజమునకు వారు ఆ నాల్గవ మెట్టును కాచుచుండిరి.

ఆ నాల్గవ మెట్టున నున్నదేమి? 1991లో జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్, వారి సహచరులు దీనికి కన్నులకు కట్టినట్టి సమాధానము చూపిరి. నవజాతమైన ఎలుకపిల్ల మజ్జాముఖమునుండి మిల్లీమీటరుకంటెను పలుచని పొర నొకదానిని కోసి, ప్రాణవాయువు కలిపిన లవణజలమున నుంచిరి. దేహము లేదు, ఊపిరితిత్తులు లేవు, రక్తము లేదు. అయినను ఆ పొరనుండి వెడలు నాడీతంతువులను విద్యుత్పరికరముతో తాకిచూడగా, నియతమైన వ్యవధితో తరంగము వెంట తరంగము వచ్చుచుండెను. ఊపిరి పీల్చు ఆజ్ఞ, పీల్చు దేహము లేకున్నను, తన లయ తప్పక నడచుచునే యుండెను. ఆ స్థానమునకు ప్రీబోట్జింగర్ సంకీర్ణమని పేరు. అచ్చట నున్న నాడీకణములు కొన్ని వేలు మాత్రమే.

ఆ కొన్ని వేలలో నాయకుడెవడు? ఇదియే నాడీజాలముల గతిశాస్త్రము అడుగు ప్రశ్న. పల్లకి మోయు బోయీలు నడచునపుడు ఎవ్వడును తాళము వేయడు; ఒకని భుజపు కదలిక మరియొకనికి తెలియుట, వాని యడుగు వీని యడుగును సవరించుట, ఈ పరస్పరాశ్రయమువలననే అందరి నడకయు ఒక్క నడక యగును. ప్రీబోట్జింగరు కణములును ఇట్లే ఒకదానినొకటి ఉత్తేజపరచుకొనుచు, కొద్ది కణములతో మొదలై క్షణములో అన్నియు కలిసి ప్రజ్వరిల్లి, అలసి, శాంతించి, మరల కూడుకొనును. ఒక్కొక్క కూడికయు ఒక్కొక్క ఊపిరి. మనము మేల్కొనియున్నను, నిద్రించినను, దినమునకు సుమారు 20 వేల పర్యాయము లీ కూడిక జరుగుచునే యుండును. క్లోరోఫారము గాని, నేటి మత్తుమందులలో పెక్కు గాని, కణమునుండి కణమునకు పోవు నిరోధకసంకేతములను బలపరచి, ఉత్తేజమును అణచును. కణములు చావవు; అవి కలియుట మాత్రము మానును. రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరిగినను దానికి స్పందించు చురుకు తగ్గును. కైమోగ్రాఫు మసికాగితముపై అలలు దూరదూరమగుటకు అంతరార్థ మిదియే.

ఆజ్ఞ మెదడున పుట్టినంత మాత్రమున ఊపిరి ఆడదు. అది వెన్నుపాము మార్గమున దిగి, మెడభాగమున మూడవ, నాల్గవ, ఐదవ విభాగములలోని కదలిక నాడీకణములను చేరి, అచ్చటినుండి ఉదరవితానమను కండరమునకు పోవలెను. మెడ ఎముక విరిగి వెన్నుపాము ఆ విభాగములకు పైన తెగినవాడు యంత్రసాహాయ్యము లేనిదే ఊపిరి పీల్చలేడు. వాని మజ్జాముఖమున లయ చెక్కుచెదరక యుండవచ్చును, చేరవలసిన చోటికి చేరుటకు దారి లేదు. వెన్నుపాము వట్టి తీగ యని చిరకాలము భావించిరి. ఆ భావమును చెరిపినవాడు గ్రాహం బ్రౌన్. లెవీ గుండె రహస్యమును వెలువరించిన ఆ 1911వ సంవత్సరముననే అతడు, మెదడుతో సంబంధము తెగి, కాళ్లనుండి వచ్చు స్పర్శసమాచారమును తెగిన పిల్లి వెన్నుపాము గూడ, నడకకు వలయు లయను తనంత తానే పుట్టించునని చూపెను. కాలిని మడచు కణసమూహ మొకటి, చాచు కణసమూహ మొకటి, ఒకదాని నొకటి వంతులవారీగా అణచుకొనుచుండునని అతని ఊహ.

శతాబ్దము గడచిన పిదప ఆ యూహకును సవరణ వచ్చినది. 2022లో కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయమున రూన్ బెర్గ్, అతని సహచరులు తాబేలు వెన్నుపామునందలి వందలకొలది కణములను ఏకకాలమున పరిశీలించి, వాటి కార్యక్రమము రెండు జట్ల వంతులాటవలె గాక, వలయాకారమున చుట్టి చుట్టి వచ్చు భ్రమణమువలె నుండునని నేచర్ పత్రికలో ప్రకటించిరి. ఒక్కొక్క కణమును విడిగా చూచిన దాని పోకడ అర్థము కాదు. అన్నిటిని కలిపి గణితదృష్టితో చూచినపుడు సుందరమైన చక్రగతి గోచరించును. వెన్నుపాము తనంత తాను లెక్కించు అవయవమని ఇట్టి పరిశోధనలు నానాటికి దృఢపరచుచున్నవి.

మత్తువైద్యము దీనిని మరియొక వైపునుండి ధ్రువపరచినది. కత్తి తగిలినను రోగి కదలకుండుట మెదడు నిద్రించుటవలననే యని సామాన్యముగా అనుకొందుము. 1993లో కాలిఫోర్నియాలో ఆంటోగ్నీని, ష్వార్ట్జ్ అనువారు మేకల మెదడునకు పారు రక్తమును దేహపు రక్తమునుండి వేరుచేసి, ఐసోఫ్లురేన్ అను మత్తును మెదడునకు మాత్రమే అందించిరి. గాస్కెల్, షోర్ అనువారు నూరేండ్ల క్రిందట తొక్కిన త్రోవకు ఇది సోదరమార్గమనవచ్చును. దేహమంతటికిని మత్తిచ్చినపుడు మేక కదలకుండుటకు సుమారు 1.2 శాతము చాలెను. మెదడునకు మాత్రమే ఇచ్చినపుడు సుమారు 2.9 శాతము కావలసివచ్చెను. ఎలుకలలో మస్తిష్కభాగమును తొలగించినను, వెన్నుపామును పైభాగమున ఖండించినను, కదలిక ఆపుటకు వలయు మోతాదు మారలేదని రాంపిల్ అను శాస్త్రజ్ఞుడు ఆ కాలముననే నిరూపించెను. నొప్పికి దేహము కదలకుండుట ప్రధానముగా వెన్నుపామున జరుగు పని. జ్ఞానము, స్మృతి మాయమగుట మెదడున జరుగు పని. ఊపిరి ఆ రెంటి నడుమ నున్న సంధిస్థానపు పని. ఒక్క మందు, మూడు తావులు, మూడు వేరువేరు ఫలములు.

ఎరుక యేల పోవునను ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. మానవుని మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. గాఢనిద్రలో అవి ఊరకుండవు, పనిచేయుచునే యుండును. 2005లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మాసిమినీ, టోనోనీ మొదలగువారు మేల్కొనియున్నవారి తలపై నొకచోట అయస్కాంతపు చిన్న తాకిడి నిచ్చి చూడగా, దాని స్పందన మెదడున పలుచోట్లకు వ్యాపించెను; అదే తాకిడి గాఢనిద్రలో నిచ్చినపుడు తగిలినచోటనే అణగిపోయెను. కొన్నేండ్లకు మత్తుమందు ప్రభావమునను అట్టి ఫలితమే కనబడెను. ఎరుక యనునది ఏదో ఒక కేంద్రమున వెలుగు దీపము గాక, దూరదూరపు భాగములు ఒకదాని వార్త నొకటి అందుకొనుటయందే యున్నదని ఇందువలన తోచుచున్నది.

ఈ పరిశోధనలో హైదరాబాదునకు నేడును పాలు గలదు. ముందు హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, పిమ్మట గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ యందును ఆచార్యత్వము వహించిన సూరంపూడి బాపిరాజు, చిరకాలముగా మెదడు వ్యవహారమును గణితముతో వివరించు ప్రయత్నము చేయుచున్నారు. మెదడులో రెండు పటములు గలవు. భాగమునకును భాగమునకును నడుమ నున్న నాడీతంతువుల దారులు ఒక పటము. ఏ భాగము పనిచేయునపుడు ఏ భాగము దానితో కలిసి స్పందించునో తెలుపునది రెండవ పటము. మొదటిదానినుండి రెండవదానిని లెక్కగట్టవచ్చునా? నేరుగా దారి లేని భాగములు గూడ కలిసి స్పందించుట యెట్లు? 2018లో బాపిరాజు బృందము సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసమున, ఉష్ణము వ్యాపించు తీరును తెలుపు సమీకరణములను తంతువుల పటముపై ప్రయోగించి, ఒక్క పరిమాణమున గాక పలు పరిమాణములలో ఆ వ్యాప్తిని కలిపి చూచి, రెండవ పటమును ఊహించు పద్ధతి నొకదానిని ప్రతిపాదించిరి. జంతువు మెడలో గొట్టము గ్రుచ్చవలసిన పని లేకుండ, జీవించియున్న మనిషి మెదడును స్కానరులో చూచి, గణకయంత్రమున లెక్కలు వేసి సాధించు పని యిది. మూసీ యొడ్డున మసికాగితముపై రెండు లయలను ప్రక్కప్రక్కన గీయించినవారును, గచ్చిబౌలిలో వందల లయల సంబంధమును లెక్కించువారును అడుగునది ఒక్కటే: దేహమున ఏది దేనితో కలిసి నడచుచున్నది, ఆ కలయిక ఎప్పుడు తెగును?

నా యభిప్రాయమున హైదరాబాదు కమిషను గొప్పతనము దాని తీర్పునందు లేదు. ఆ తీర్పులో సగమును కాలము కొట్టివేసినది. క్లోరోఫారము సైతము వైద్యశాలలనుండి దాదాపు అంతరించిపోయినది. ఒక నగరము, దాని ప్రభుత్వము, దాని వైద్యపాఠశాల, ప్రపంచమును వేధించుచున్న సందేహమును తమ సందేహముగా స్వీకరించి, ధనము వెచ్చించి, ప్రత్యర్థిని ఆహ్వానించి, ప్రతి గీతను ఛాయాచిత్రముగా తీయించి బహిరంగపరచుట యందే ఆ గొప్పతనమున్నది. తప్పుపట్టుటకు వీలుగా తన సాక్ష్యమును లోకము ముందుంచినదే విజ్ఞానము. లెవీ వంటివారు కమిషనును ఖండింపగలిగినది గూడ ఆ సాక్ష్యము దాచబడకుండుటవలననే. ఉస్మానియాలో చదువుకొను విద్యార్థులకు లారీ, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ, రూపాబాయి పేర్లు పాఠముగా చెప్పవలెను. వారి విజయమును మాత్రమే గాక వారి పొరపాటును గూడ చెప్పవలెను. విద్యార్థి నేర్వవలసినది రెంటియందును గలదు.

సామాన్యపాఠకునకు ఈ చరిత్ర చెప్పునది మరియొకటి గలదు. నేటి శస్త్రచికిత్సాశాలలో మసికాగితపు డోలు లేదు. దాని స్థానమున తెరపై రెండు గీతలు సాగుచుండును: గుండె విద్యుత్తును చూపునది యొకటి, విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలుచునది యొకటి. లండను పక్షమును, ఎడిన్‌బరో పక్షమును అచ్చట కలిసిపోయినవి. వ్రేలికొనకు తగిలించిన చిన్న పరికరము రక్తములోని ప్రాణవాయువును ఎప్పటికప్పుడు తెలుపుచుండును. ఇవన్నియు నున్నను, వాటిని చదివి అర్థము చేసికొను మత్తువైద్యుని కన్నును, చెవియు లేనిదే అవి నిరుపయోగములు. ఐనను మనలో పెక్కురు సర్జను పేరు జ్ఞాపకముంచుకొందురే గాని మత్తు డాక్టరు ముఖమైనను చూడరు. శస్త్రచికిత్సకు ముందు ఆయనతో మాటాడుటకు సమయము నడుగుడు. ఎన్ని గంటల క్రిందట భోజనము చేసితిరో, ఏయే మందులు వాడుచున్నారో, ఉబ్బసము గలదా, నిద్రలో పెద్దగా గురకపెట్టి ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేతురా, పూర్వము మత్తు తీసికొన్నపుడు ఏమైనను ఇబ్బంది కలిగెనా, ఒక్కటియు దాచక చెప్పుడు. మీ మస్తిష్కమును, వెన్నుపామును ఆయన కొన్ని గంటలపాటు ఊరకుండజేసి, వాటి నడుమ నున్న ఆ కొన్ని వేల కణములను మాత్రము మేల్కొలిపి యుంచవలెను. అవి అలసినచో వాటికి మారుగా తానే ఊపిరి పోయవలెను. ఆ పని సవ్యముగా జరుగుటకు మీరు చెప్పు నిజమే మొదటి సాధనము.